నలభై ఏడో నంబరు దవడ

రాత్రిళ్ళు పళ్ళు నూరుకోకుండా పేషెంట్లు పళ్ళకి తొడుక్కునే గార్డులు డాక్టర్లకి చేసిపెట్టడం నా పని. నా దగ్గరికి పేషెంట్ల పేర్లు రావు, నంబర్లే వస్తాయి. దవడ కీలు నొప్పికని ఇంకెవడో చేసిన మెత్తటి గార్డు ఒకటి, నెలకే తూట్లుపడి ఇవాళ నా బల్ల మీదికొచ్చింది. మెత్తదైతే హాయిగా ఉంటుందనుకుంటారు బుర్రలేని జనం. దవడ దాన్ని బబుల్‌గమ్‌లా నమిలిపారేస్తుంది, నొప్పి రెట్టింపవుతుంది.

డాక్టరుకి ఫోన్ చేశాను. "ఈ నలభై ఏడో నంబరుకి బుద్ధుందా సార్? మెత్తది ఎవరు తీసుకోమన్నారు?"

"ఇప్పుడు గట్టిదే కావాలంటున్నారు ఆవిడ. పగలు కూడా పెట్టుకుంటారట. బాగా పల్చగా చెయ్యండి, ఇంట్లో ఆయన కంట పడకూడదట."

"పడితే ఏమవుతుందట?"

"ఏడాది పొడుగునా వెక్కిరిస్తాడట. ఆయన నోరు విప్పితే చాలు, ఆవిడ పళ్ళు బిగుసుకుపోతున్నాయట."

"అలాంటి వెధవ నోటికే ఒకటి చేసిస్తాను, పంపించండి సార్!" నా జోకుకి నేనే పగలబడి నవ్వాను.

ఫోన్ పెట్టేసి, కొలత కోసం పంపిన పళ్ళ అచ్చు పెట్టెలోంచి తీశాను. తెల్లటి ప్లాస్టర్‌లో పలువరస చక్కగా ఉంది. ముందు పన్ను మూల మాత్రం కాస్త విరిగి ఉంది.

ఆ మూల నాకు బాగా తెలుసు. పోయినేడు సీసా మూత పళ్ళతో తియ్యబోయి విరగ్గొట్టుకుంది. ఆ రోజు నుంచీ చుట్టాలందరి ముందూ మా ఆవిడని నేను పిలిచేది "కిటికీ" అనే.