వంకర పటం

ఆసుపత్రి గది గోడ మీది పటం మళ్ళీ వంకరగా ఉంది.

ఆమె విసురుగా లేచి సరిచేసింది.

"తాతగారూ, మీకు వేరే పనేం లేదా?"

కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన తల దించుకున్నాడు. పక్క మంచం వాళ్ళ మనిషి కాబోలనుకుంది. సందర్శకులను వదిలే వేళకు వస్తాడు, పటం అంచును వేలితో ఒక పక్కకు తోస్తాడు, ఆపైన ఆమె భర్త ముఖంలోకి చూస్తూ కూర్చుంటాడు. ఆయన తోయడం, ఆమె సరిచేయడం.

"కాసేపు అలా ఉండనీ తల్లీ. వాడు చూస్తాడేమో."

"వాడేమిటి? ఆయన నా భర్త."

భర్త వడ్రంగి. తలుపులూ కిటికీలూ బిగించేవాడు. నిచ్చెన మీద నుంచి పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. కళ్ళయితే తెరిచాడు గాని, ఆ కళ్ళు దేన్నీ పట్టుకోవడం లేదు.

థెరపిస్టు వచ్చి అతని ముఖం ముందు ఒక అద్దాన్ని మెల్లగా అటూ ఇటూ జరిపింది. చూపు అద్దం వెంట నడిస్తే కోలుకుంటున్నట్టు. నడవకపోతే ఇక్కడి చికిత్స ఆపి ఇంటికి పంపేస్తారు.

చూపు కదలలేదు.

"సాయంత్రం ఇంకోసారి చూస్తానమ్మా. ఇక అదే ఆఖరు."

ఆమె వెనక్కి తిరిగింది. పటం మళ్ళీ వంకర.

ఆమె కోపమంతా ఆ ముసలాయన మీదికి మళ్ళింది.

"నా బతుకు తలకిందులై నేనేడుస్తుంటే మీకు ఆటగా ఉందా? లేవండి. మళ్ళీ ఈ గదిలో కనిపించొద్దు."

ఆయన చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె పటాన్ని తిన్నగా సర్దింది.

మధ్యాహ్నం మరిది వచ్చాడు. అన్నతో కలిసి పని నేర్చినవాడు.

"పీడ వదిలింది," అంటూ అతనికి అంతా చెప్పింది.

మరిది నవ్వబోయి ఆగాడు. "ఆయన చెవి మీద పెన్సిలుందా వదినా?"

"ఉంది. రాసే పనేమీ లేకపోయినా."

అతను లేచి పటాన్ని ఒక పక్కకు తోశాడు. వచ్చి ముసలాయన కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వూ మొదలుపెట్టావా?"

"ముట్టుకోకు వదినా. ఉండనీ."

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత భర్త రెప్పలు ఆడాయి. అద్దం వెంట నడవని చూపు గోడ మీదికి పాకింది, పటం దగ్గర ఆగింది. కనుబొమల మధ్య చిన్న ముడి పడింది. పని నచ్చనప్పుడు పడే ముడి.

సాయంత్రం థెరపిస్టు వచ్చి పటాన్ని అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. అతని చూపు దాని వెంట నడిచింది.

"ఈయన్ని ఇక్కడే ఉంచుదాం," అంది.

ఆమె గేటు దాకా పరుగెత్తింది.

"ఆ పెద్దాయనా? ఎప్పుడో బస్సెక్కేశాడమ్మా," అన్నాడు కాపలావాడు. "ఎక్కడికంటే చెప్పలేదు."

తిరిగొచ్చి, రొప్పుతూ అడిగింది. "ఎవరాయన? ఎక్కడుంటాడు?"

"ఎక్కడుంటాడో మాకూ తెలీదు, చూసి ఏళ్ళయింది," అన్నాడు మరిది. "మాకు పని నేర్పిన గురువు వదినా, రోజూ పొద్దున్నే ఒక చట్రం వంకరగా తగిలించి, ఎవరి కంట పడుతుందా అని నోరు విప్పకుండా కూర్చునేవాడు, గుమ్మంలో అడుగు పెడుతూనే పట్టేసేవాడు మా అన్నయ్య."