కత్తెర మామ్మ

ముసలావిడ టీషర్టు కొంది. చేతిసంచీలోంచి కత్తెర తీసి, బల్ల ముందే నిలబడి దాన్ని నాలుగు ముక్కలు చేసింది.

వెర్లిన్ నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది.

అది అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలో నెలకోసారి జరిగే తుపాకుల సంత. ఒక బల్ల మీద తుపాకులు, పక్క బల్ల మీద తూటాలు, ఆ పక్కన ఎండుమాంసం. వెర్లిన్ బల్ల మీద టీషర్టులు, టోపీలు, జెండాలు. ప్రభుత్వాన్ని ఏ తిట్టు తిట్టాలన్నా అతని దగ్గర మూడు సైజుల్లో దొరుకుతుంది.

ఆమె కోసింది బాగా పోయే సరుకు. దాని మీద లైల్ ట్రెస్కాట్ బొమ్మ. పదకొండేళ్ళ కిందట పోస్టాఫీసుకి బాంబు పెట్టి నలుగుర్ని చంపినవాడు. బొమ్మ కింద ‘మన వీరుడు’ అని అచ్చు.

“మామ్మగారూ, సైజు చాలకపోతే చెప్పాలి గానీ! మార్చి ఇచ్చేవాణ్ణిగా!” అన్నాడు వెర్లిన్.

చుట్టుపక్కల బల్లలవాళ్ళు పగలబడి నవ్వారు.

“ఇంకోటి ఇయ్యి,” అందామె.

దాన్నీ కోసింది.

పై నెలా వచ్చింది. ఆ పై నెలా వచ్చింది. సంతలో ఆమెకి కత్తెర మామ్మ అని పేరు పడింది. చచ్చిపోయిన ఆ నలుగురిలో ఆమె తాలూకు ఎవరో ఉండి ఉంటారని అందరూ అనుకున్నారు. అడిగినవాడు మాత్రం లేడు.

వెర్లిన్ ఆమె కోసమే ఇంకో డజను ఎక్కువ అచ్చేయించాడు.

“నువ్వు కొయ్యి, నేను వేయిస్తా. ఎవరి చెయ్యి ముందు నొప్పెడుతుందో చూద్దాం.”

“వీడంటే నీకంత ఇష్టమా అబ్బాయ్?”

“నాకా? నేను ఓటే వెయ్యను. గుడ్డలమ్ముకునేవాణ్ణి. గుడ్డ ఎవర్నీ చంపదు మామ్మా.”

“ఒరేయ్, ‘తుపాకీ ఎవర్నీ చంపదు’ అన్నది మా తుపాకులోళ్ళ మాట, నువ్వు కొట్టేయకు!” అని పక్క బల్లవాడు అరిచాడు.

మళ్ళీ నవ్వులు. ఆమె నవ్వలేదు.

సెప్టెంబరులో పెట్టెలు దించడానికి వెర్లిన్ కొడుకు కోల్టర్ వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు. ఒంటి మీద లైల్ బొమ్మ.

మామ్మ తిన్నగా వెళ్ళి రెండు చేతులతో ఆ చొక్కా పట్టుకుంది.

“విప్పు. విప్పరా!”

“వదులు ముసలిదానా!” కోల్టర్ విదిలించుకుని బయటికి పోయాడు.

ఆమె వెర్లిన్ వైపు తిరిగింది.

“నీ కొడుకా?”

“అయితే?”

“నీతో కూచుని భోంచేసి ఎన్నాళ్ళయింది? గ్యారేజీకి కొత్త తాళం వేశాడా?”

వేశాడు. వెర్లిన్ టోపీలు సర్దడం మొదలెట్టాడు.

“ఓట్లు లెక్కపెట్టేవాళ్ళని తిడుతున్నాడా? పేరు పెట్టి మరీ?”

తిడుతున్నాడు. వారం నుంచి ఒకటే పేరు.

ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళకి కోపం అమ్మినవాడు వెర్లిన్. ఇప్పుడు సొంతది వచ్చింది. బల్ల మీద ఒక్క గుద్దు గుద్దాడు. టోపీలు కిందపడ్డాయి.

“ఎవత్తివే నువ్వు? పోలీసులు పంపారా? నా కొడుకు సంగతి నీకెందుకు? ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో, పో!”

ఆమె ఒక్క క్షణం తడబడింది. కానీ వదల్లేదు.

“ఇవాళే తాళం పగలగొట్టు. లోపలేముందో చూడు. చూసి, పోలీసులకి నువ్వే ఫోన్ చెయ్యి. జన్మలో నిన్ను క్షమించడు. క్షమించకపోతేనేం? ఎవర్నీ చంపకుండా ఉంటాడు!”

వెర్లిన్ కాపలావాళ్ళని కేకేశాడు. వాళ్ళు ఆమె కత్తెర లాక్కుని, రెక్క పట్టుకుని గేటు బయటికి ఈడ్చుకెళ్ళారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ సాయంత్రం వెర్లిన్ సుత్తి తీసుకుని గ్యారేజీ ముందు నిలబడ్డాడు. తండ్రీకొడుకుల మధ్య సుత్తేమిటి, అడిగితే పోలా అనుకున్నాడు. అడిగాడు.

“నా పని నాది,” అన్నాడు కోల్టర్.

వెర్లిన్ సుత్తి తీసుకెళ్ళి దాని చోట పెట్టేశాడు.

నవంబరులో, ఎన్నికలైన మూడో రోజున, కౌంటీ ఎన్నికల ఆఫీసులో బాంబు పేలింది. ఓట్లు లెక్కపెడుతున్న వర్నా హోల్కం చనిపోయింది. కోల్టర్‌కి చిన్నప్పుడు ఈత నేర్పింది ఆవిడే. సెప్టెంబరు నుంచీ వాడి నోట్లో నానిన పేరూ ఆవిడదే.

ఆ సాయంత్రమే కోల్టర్‌ని పట్టుకున్నారు.

వెర్లిన్ ఇంటి ముందు టీవీ బళ్ళు బారులు తీరాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కడూ ఫోన్ చెయ్యలేదు. సోమవారం జైల్లో కొడుకుని చూడాలి. అద్దానికి అవతల కూచున్నవాడితో ఏం మాట్లాడాలి? ‘తిన్నావా’ అనాలా? ‘ఎందుకు చంపావురా’ అనాలా? గ్యారేజీ చూడకుండానే తాళం సంగతి చెప్పిన మనిషికి ఇదీ తెలిసే ఉంటుంది.

శనివారం సంతకి వెళ్ళాడు. అతని చోట ఇంకెవడో బల్ల వేశాడు. కొత్త టీషర్టులు. వాటి మీద కోల్టర్ బొమ్మ.

“వేడివేడిగా వచ్చాయి సార్! మీ సైజెంత?” అన్నాడు వాడు.

వెర్లిన్ ఒక చొక్కా లాక్కుని చింపబోయాడు. కొత్త గుడ్డ, చిరగలేదు. పళ్ళతో పట్టి లాగాడు. చిరగలేదు. ఎండుమాంసం అమ్మే ఆల్తియా వచ్చి అతన్ని పక్కకి తీసుకుపోయింది.

“కత్తెర మామ్మ ఎక్కడుంటుంది ఆల్తియా? ఆవిడతో మాట్లాడాలి నేను.”

“పోయింది అన్నా. పది రోజులైంది, గుండె ఆగి. నువ్వు గెంటించాక కూడా మానలేదు. గేటు బయట కార్ల దగ్గర చలిలో నిలబడి, కనబడ్డ ప్రతి తండ్రినీ ఆపేది.”

పేపర్లోంచి కత్తిరించిన చిన్న ముక్క అతని చేతిలో పెట్టింది. “తన చావు కబురు తనే రాసిపెట్టుకుందట. చదువు.”

వెర్లిన్ చదివాడు.

‘ఇమొజీన్ షార్ఫ్, డెబ్బై ఆరేళ్ళు. దయచేసి పూలు పంపవద్దు. వెనక మిగిలింది: ఒక్క కొడుకు, లైల్ ట్రెస్కాట్, ఫెడరల్ జైలు.’