చెల్లి వేషం

“తను టీలో చక్కెర వేసుకుంటుందా?” అని డైరెక్టర్ అడిగాడు. అడిగింది అక్కని.

“నన్నడగండి,” అంది పక్కనే కూర్చున్న చెల్లి. “రెండు చెంచాలు.”

డైరెక్టర్ పగలబడి నవ్వి, అబ్బ, ఎంత ముద్దుగా మాట్లాడుతుందో అన్నాడు. అదీ అక్కతోనే. ఇరవై నాలుగేళ్ల మనిషి, బట్టల కొట్టులో చొక్కాలు మడతపెట్టి తన జీతం తను తెచ్చుకునే మనిషి, ఈయనగారికి చంటిపిల్లలా కనిపించింది. అక్కకి ఒళ్లు మండింది. అయినా పైకి నవ్వింది. ఈ వేషం కోసం చెల్లి ఎంత ఆశపడుతోందో ఆమెకి తెలుసు.

ఇదంతా అక్క నోటి పుణ్యమే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల హక్కుల మీద జరిగిన సభకి ఈ డైరెక్టర్ ముఖ్య అతిథిగా వచ్చాడు. అలాంటి అమ్మాయి కథే సినిమాగా తీస్తున్నానని కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. అక్క లేచి, మావాళ్లు మీ కథలకి పనికొస్తారు గానీ వేషాలకి పనికిరారా అని అందరి ముందూ కడిగిపారేసింది. మర్నాడే ఫోన్ వచ్చింది. మీరు నా కళ్లు తెరిపించారు, మీ చెల్లెల్ని తీసుకురండి అన్నాడు.

సినిమాలో ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ అమ్మాయిని ఎక్కడ ఉంచాలో తేల్చుకుంటూ ఉంటారు. ఆమె లేచి ఒక మాట అనాలి. వాళ్లు రాసుకున్నది ఇంకేదోనట. టీ దగ్గర చెల్లి అన్నది విన్నాక అది కొట్టేసి, “నా గురించి నన్నడగండి” అని పెట్టుకున్నారు. నా మాటే సినిమాలో వస్తుందని చెల్లి కొట్టుకి వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంది.

ఆ తర్వాత రిహార్సల్స్. చెల్లిని నడిపించి కెమెరాతో తీశారు. ఇంత చక్కగా నడిస్తే జనం ఏడవరు, కాళ్లు కాస్త ఈడ్చమనండి అన్నాడు డైరెక్టర్ అక్కతో. నోరు కొంచెం తెరిచి ఉంచమన్నాడు. మాట ఇంకాస్త ముద్దగా రావాలన్నాడు. అసిస్టెంట్లు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు. అక్కకి రోత పుట్టింది. ఛీ, ఏం మనుషులు వీళ్లు? సంతలో పశువుని నడిపించి చూసినట్టు చూస్తున్నారు. పైగా దానికి హక్కుల సినిమా అని పేరు. ఇక చాలు, పోదాం పద అని చెల్లి చెయ్యి పట్టుకుని లేపింది.

“నన్నడగవా?” అంది చెల్లి.

అక్క మళ్లీ కూర్చుంది.

వాళ్లందరిలో హీరోయిన్ ఒక్కతే నయం అనిపించింది. సినిమాలో ఆమెది అక్క వేషమని చెప్పారు. రోజూ వచ్చి చెల్లి పక్కనే కూర్చునేది. గ్లాసు ఎలా పట్టుకుంటుందో, నవ్వితే కళ్లు ఎలా మూసుకుపోతాయో ముచ్చటగా చూసేది. ఏదీ, ఆ మాట ఇంకోసారి చెప్పు అని చెప్పించుకునేది. ఎన్నిసార్లు విన్నా విసుక్కునేది కాదు. చెల్లి ఆమెని కూడా అక్కా అని పిలవడం మొదలుపెట్టింది.

చివరికి ముఖానికి అచ్చు తియ్యాలన్నారు. కథ ఆఖర్లో ఆ అమ్మాయి ముసలిదవుతుందట, ముడతల మేకప్‌కి అచ్చు కావాలట. మేకప్ మాస్టర్ చల్లటి ముద్ద ఏదో తెచ్చి చెల్లి ముఖమంతా పూసి, ఊపిరికి ముక్కు దగ్గర మాత్రం వదిలాడు. కళ్లూ నోరూ మూతపడేసరికి చెల్లి అక్క చెయ్యి నొప్పెట్టేలా నొక్కింది గానీ తీసెయ్యమని సైగ చెయ్యలేదు. ఆరాక ఊడదీసిన అచ్చుని మాస్టర్ గుడ్డలో చుట్టుకుంటూ, నీకు చాలా ఓపికమ్మా అన్నాడు. చెల్లితోనే అన్నాడు, కానీ ముఖంలోకి చూడలేదు.

షూటింగు మొదటి రోజు చెల్లి తెల్లారకముందే తయారైంది. రమ్మని కబురేమీ రాలేదు, పేపర్లో చూసి తెలుసుకున్నారు. చెప్పాలన్న ఇంగితం వీళ్లకి ఎక్కడ ఏడ్చింది అని అక్క దారిపొడుగునా తిట్టుకుంది. అక్కచెల్లెళ్లని చూడగానే గేటు దగ్గర అసిస్టెంటు నీళ్లు నమిలాడు. కాసేపు కూర్చోండని చెప్పి ఎటో జారుకున్నాడు. చెల్లి చేతులు కడుక్కొస్తానని పక్కకి వెళ్లింది.

ఎంతకీ రాకపోయేసరికి అక్క మేకప్ గది వైపు నడిచింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నుంచి మాట వినిపించింది.

“నా గురించి నన్నడగండి.”

అదే ముద్దమాట. ‘నా’ దగ్గర అదే చిన్న తడబాటు. అప్పుడే వెళ్లి మొదలుపెట్టేసిందే, గడుగ్గాయి అనుకుని అక్క ఇన్నాళ్లకి మనసారా నవ్వుకుంది. పడ్డ అసహ్యమంతా ఈ ఒక్క మాటతో పోయిందనుకుంది.

“అక్కా, నా కుర్చీ ఎక్కడ?”

వెనక చెల్లి నిలబడి ఉంది, తడిచేతులు బట్టలకి తుడుచుకుంటూ.

అక్క తలుపు తోసింది.

అద్దం ముందు, చెల్లి ముఖం తగిలించుకుని, హీరోయిన్ కూర్చుని ఉంది.