నలభై రెండు దెబ్బలు

"మళ్ళీ తప్పే!" మార్కండేయకు కోపం నషాళానికంటింది. కోడలు నేసిన పట్టుచీరలో బుట్టాల మధ్య ఎడం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. "చేతికే తెలుస్తాదని ఎన్నిసార్లు చెప్పల్ల? మగ్గం దిగు."

జ్యోతిలక్ష్మి దిగలేదు. "నా చేతికి తెలీడంలేదు మామా. మగ్గం పలక ఎన్ని దెబ్బలు కొట్టినాక ఒక బుట్టా వేయల్లో చెప్పు."

"దెబ్బలకు లెక్కేంది? ముప్పై ఏండ్లుగా నేస్తాండా, ఏపొద్దూ లెక్కపెట్టలా."

"నేను పెట్టినా. నువ్వు నేస్తాంటే వంటింట్లోనుంచి వింటాంటి. ప్రతిసారీ నలభై రెండే."

అతడు నమ్మలేదు. ఆమెను లేపి తానే కూర్చుని నేశాడు. ఆమె గోడవైపు తిరిగి నిలబడింది.

అతడి చెయ్యి బుట్టాకని ఆగగానే, "నలభై రెండు" అంది.

మార్కండేయ తన చేతులకేసి కొత్తగా చూసుకున్నాడు.

"కొంగులో నెమలికి ఎన్ని కొడతానమ్మా?"