గంటన్నర దూరం

విమానం తలుపు మూయకముందే వెనక వరుసలోంచి ఒకాయన లేచి వచ్చి బట్టల వ్యాపారి పక్కన నిలబడ్డాడు.

“బాబూ, మీ సీటు నాకిస్తారా? నాది కిటికీ పక్కది. హాయిగా ఉంటుంది.”

వ్యాపారి ఎగాదిగా చూశాడు. నలిగిన చొక్కా, నిద్ర లేని కళ్ళు.

“కుదరదండీ. నేను ముందు దిగాలి. మా అన్నయ్య ఆసుపత్రిలో ఉన్నాడు.”

పొద్దున వదిన ఫోను చేసింది. అన్నయ్యకు గుండె దొరికిందట, ఆపరేషన్ ఇవాళేనట. ఏడాదిగా ఎదురుచూసిన కబురు. కొట్టుకు తాళం వేసి ఉన్నపళంగా బయల్దేరాడు.

“దిగేముందు మీ సీటు మీకిచ్చేస్తాను,” అన్నాడాయన. “పోనీ, సగం దూరమైనా...”

బేరం పెరుగుతోంది. కొట్లో కూర్చుని నేర్చుకున్న సంగతి ఒకటుంది వ్యాపారికి: కొనేవాడు వెంటపడుతున్నాడంటే ఆ సరుకు వదలకూడదు.

“సగం లేదు, పావు లేదు. వెళ్ళి కూర్చోండి.”

పక్క సీట్లో, ఒళ్ళో పెట్టె పెట్టుకుని కూర్చున్న యువకుడు ఏదో అనబోయి ఆగిపోయాడు.

“ఏముంది తమ్ముడూ అందులో?” అడిగాడు వ్యాపారి.

“మందులండీ,” అని కిటికీ వైపు తిరిగాడు.

విమానం ఎగిరిన కాసేపటికి ఆయన మళ్ళీ వచ్చాడు.

“రెండు ఊళ్ళకీ మధ్య ఎంత దూరమండీ?”

“గంటన్నర.”

“దూరం అడిగాను.”

“ఆకాశంలో దూరం ఎవరిక్కావాలి? టైమే లెక్క. ఎందుకు, తొందరగా వెళ్ళాలా?”

“వెళ్ళాలి. ఆలస్యం కాకూడదు.” ఆయన చూపు పెట్టె మీదే ఉంది. “కానీ మరీ ఇంత దగ్గరనుకోలేదు.”

“ఏదో ఒక మాట మీద నిలబడండి పెద్దాయనా.”

ఆయన ఎయిర్ హోస్టెస్ వచ్చి వెనక్కి పంపేదాకా అక్కడే నిలబడ్డాడు.

విమానం ఆగాక ఎవరినీ లేవొద్దన్నారు. పెట్టె పట్టుకున్న యువకుణ్ణి ముందు దింపుతున్నారు. కింద అంబులెన్సు. దాని మీద, అన్నయ్య ఉన్న ఆసుపత్రి పేరు.

పెట్టెలో ఉన్నవి మందులు కావని వ్యాపారికి అర్థమైంది. లేచి పెట్టెకు దణ్ణం పెట్టాడు.

అంతలో ఆ పెద్దాయన అందరినీ తోసుకుంటూ వచ్చి పెట్టె మీద చెయ్యి వెయ్యబోయాడు.

వ్యాపారి ఆ చెయ్యి పట్టుకుని పక్కకు లాగేశాడు. “బుద్ధుందా మీకు? అందులో మా అన్నయ్య ప్రాణం ఉంది.”

“ఉండాలి బాబూ,” అన్నాడాయన. “నూరేళ్ళుండాలి.”

సాయంత్రానికి అన్నయ్య ఒంట్లో కొత్త గుండె కొట్టుకుంది. వదిన ఏడుస్తూనే నవ్వింది. వ్యాపారి ఆసుపత్రి వరండాలన్నీ తిరిగి ఆ యువకుణ్ణి పట్టుకున్నాడు.

“నీ మేలు మరిచిపోను తమ్ముడూ. ఆ చాదస్తపు మనిషి ఇంకాస్తయితే పెట్టె కింద పడేసేవాడు. నేనున్నాను కాబట్టి సరిపోయింది.”

యువకుడు అతన్ని పక్కకు తీసుకెళ్ళాడు.

“అవతలి వాళ్ళ సంగతులు ఇవతలి వాళ్ళకు చెప్పకూడదు సార్, మా రూలు. అందుకే విమానంలో నోరు నొక్కుకున్నాను. ఇప్పుడిక ఉండబట్టలేక చెప్తున్నాను. ఆయన వచ్చిన విమానంలోనే తిరిగి వెళ్ళిపోయాడట. అక్కడ శవాన్ని ఉంచి వచ్చాడు.”

“అయ్యో, ఎవరిది?”

“కొడుకుది సార్. మీ అన్నయ్యకు పెట్టిన గుండె ఆ అబ్బాయిదే.”