తంబాకు డబ్బీ

"ముక్కుకు కొంగు కట్టకు. రోగులు చిన్నబుచ్చుకుంటరు," అంది ఎల్లక్క, ఫినాయిల్ కలిపిన బకెట్‌ను ఎనిమిదో మంచం పక్కన పెడుతూ.

యాదవ్వ కొంగు విప్పింది. దవాఖానలో సఫాయి పనికి రావడం ఆమెకు ఇదే మొదలు. ఎనిమిదో మంచం మీది బొగ్గుబాయి కార్మికుడు దమ్ము రోగంతో తెల్లవారుజామున పోయాడట. శవాన్ని వెనక గదిలో పెట్టారు. ఇక మంచం కడగాలి.

"వాంతులు, నెత్తురు, అన్నీ ఎత్తాలె. ఎవ్వలూ నిన్ను పేరు వెట్టి పిలువరు. గవన్నీ ఓర్సుకో గని నాగా మాత్రం పెట్టకు. ఇంట్ల పీనుగున్నా పని చేసే పోవాలె. నిజాం పోయిండు గని జమేదార్లు పోలే."

సఫాయి వాళ్ల మీద పెత్తనం చేసే జమేదారు దశరథం సంగతి యాదవ్వకు పొద్దున్నే తెలిసింది. "ఇద్దరికి పని లేదు. నెల చూసి ఒక్కదాన్నే ఉంచుత," అని తనూ ఎల్లక్కా ఇద్దరూ వింటుండగానే అన్నాడు. భీవండి మగ్గాలకు పోయిన మొగుడు మళ్లీ మొహం చూపలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు గంజి కోసం ఎదురుచూస్తుంటారు. ఈ పని కూడా పోతే ఇక అడుక్కుతినడమే.

వార్డు చూసే నర్సమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎల్లక్కా, నువ్వు పోయి కూర్చో. ఆమె కడుగుతుంది."

"వద్దమ్మా. గీ మంచం నేనే చేస్త."

నర్సమ్మ వరండాలోకి వెళ్లిపోయింది.

"గాయనకు ఇంటిది లేదా అక్కా?" అడిగింది యాదవ్వ.

"ఉంది."

"మరి ఏడుపు ఇనవడ్తలేదు?"

"పొద్దుగూకినంక ఏడుస్తది."

యాదవ్వకు ఒళ్లు మండింది. పీనుగుల మంచాలు కడిగి కడిగి ఈమె గుండె కూడా ఇనుప మంచంలాగే అయిందేమో అనుకుంది.

"నన్నేం జూస్తవ్? కిటికీలు తుడువు పో."

కిటికీ తుడుస్తూ యాదవ్వ ఒకసారి వెనక్కి చూసింది. ఎల్లక్క పరుపు చినుగులోకి చెయ్యి పెట్టింది. వెతకనైనా లేదు, నేరుగా ఒక ఇత్తడి తంబాకు డబ్బీ బయటికి తీసింది. కొంగుతో తుడిచి, నడుములో దోపుకుంది. మళ్లీ వంగి ఇనుప చువ్వలు రుద్దసాగింది.

ఓహో, "నేనే చేస్త" అన్నది ఇందుకా! చచ్చినవాడి సొమ్ము కూడా వదలదా!

ఆ వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. ఈ మాట చెబితే ఎల్లక్క పోతుంది. ఇక మిగిలేది తను ఒక్కతే. నేర్పిన మనిషి పొట్ట కొట్టడమా అని ఒక్క క్షణం జాలి కలిగింది. పిల్లలు గుర్తొచ్చారు. జాలి పోయింది.

గుడ్డ కిటికీ మీదే వదిలి వరండాలో ఉన్న నర్సమ్మ దగ్గరికి పోయింది.

"అమ్మా, ఎల్లక్క దొంగతనం చేసింది. సచ్చిపోయినాయన తంబాకు డబ్బీ నడుముల దోపుకుంది. నా కండ్లతోని చూసిన. జమేదారుకు చెప్పుండ్రి."

నర్సమ్మ వార్డు వైపు తిరిగి చూసింది. లోపల ఎల్లక్క మంచం రుద్దుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

"ఆయన ఎల్లక్క మొగుడే."