గిన్నెల సెలవు

"ఇవాళ్టి నుంచి నేను గిన్నెలు ముట్టుకోకూడదట."

ఆదివారం మధ్యాహ్నం కునుకు తీసి కళ్ళు తెరిచిన కార్ల మెకానిక్ చెవిన పడ్డ మొదటి మాట అది. మంచం అంచున భార్య కూర్చుని ఉంది, చేతిలో ఫోను.

"ఎవరన్నారే?"

"డాక్టరు. చర్మం ఫోటో తీసి పెడితే చాలు, జబ్బేమిటో చెప్పేస్తుంది ఈ ఏఐ డాక్టరు. వినండి."

ఆవిడ మీట నొక్కింది. తేనె పూసినట్టున్న గొంతు అందుకుంది. "అమ్మా, మీ అరచెయ్యి ఎర్రబడింది. వేళ్ళ సందులు పగిలాయి. ఇది చేసే పనివల్ల వచ్చిన ఎలర్జీ. మందు రాయండి. రెండు నెలలు సబ్బునీళ్ళలో చెయ్యి పెట్టొద్దు."

మెకానిక్ లేచి కూర్చున్నాడు. "ఏదీ, చెయ్యి చూపించు."

ఆవిడ రెండు చేతులూ దుప్పటి కింద దాచేసుకుంది. "ఇన్నేళ్ళుగా చూడనిది ఇవాళ కొత్తగా ఏం చూస్తారు?"

భార్య చేతులు ఎలా ఉంటాయో గుర్తు తెచ్చుకోబోయాడు. గాజుల వరకు గుర్తొచ్చాయి, ఆ కింద ఏమీ కనిపించలేదు. మనసు చివుక్కుమంది. లేచి వెళ్ళి సింకులో పంపు తిప్పాడు.

ఇంజన్ విప్పి మళ్ళీ బిగించడం ఒక ఎత్తు, అడుగంటిన పాలగిన్నె తోమడం ఒక ఎత్తు అని అతనికి ఆ పూటే తెలిసింది. ఆవిడ తెల్ల గ్లౌజులు తొడుక్కుని, సోఫాలో కూర్చుని, ట్రాఫిక్ పోలీసులా వేలు చూపించేది. "అదిగో, మూత వెనక జిడ్డు. అటు కాదు, ఇటు."

భోజనాలయ్యాక మాత్రం ఆ మందు కాస్త అతని చేతులకీ రాసేది. "ట్యూబు విప్పాక వాడెయ్యాలట. పారెయ్యడం ఎందుకు?" ఎంత ప్రేమో అని అతను లోలోపల మురిసిపోయేవాడు.

నెల తిరిగేసరికి అతని చెయ్యే తిరగబడింది. పెట్రోలుతో కడుక్కునే చేతులకి కాస్త దురద మామూలేనని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇప్పుడు పగుళ్ళు బొటనవేలి కింద, ఎప్పుడో ఫ్యాన్‌బెల్టు తెగి కొట్టిన మచ్చ దాకా పాకాయి. షెడ్డులో స్పానరు చేతిలోంచి జారి కొత్త కారు మీద గీత పడింది. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోకి రానక్కర్లేదని ఓనరు అందరి ముందూ చెప్పేశాడు.

మెకానిక్ తిన్నగా ఇంటికొచ్చి, టీవీ ముందున్న ఫోను అందుకున్నాడు. "మీ డాక్టరమ్మనే అడుగుతాను. నాకూ గిన్నెల సెలవు ఇస్తుందో లేదో ఇవాళ తేలిపోవాలి."

ఆవిడ ముఖంలో రంగులు మారాయి. "ఛార్జింగ్ లేదండీ."

"తొంభై శాతం ఉంది."

"నెట్టు సరిగ్గా రావట్లేదు."

"టీవీలో సీరియల్ ఆ నెట్టు మీదే వస్తోందిగా."

"అది ఆడవాళ్ళకే చూస్తుందేమో."

"చర్మానికి ఆడా మగా ఏముందే?"

"పోనీ, ఇవాళ్టికి నేనే తోముతాను, ఆ ఫోను ఇలా ఇవ్వండి," అంటూ గ్లౌజులు పీకేసింది.

ఆ తొందర చూసి మెకానిక్‌కి ఎక్కడలేని హుషారు వచ్చింది. తనకీ సెలవొస్తే సింకు మళ్ళీ ఆవిడ మెడకే చుట్టుకుంటుంది, అదీ ఆవిడ భయం. "ఇన్నాళ్ళకి దారికొచ్చావు. ఇవాళ్టికి అంటే కుదరదు," అని చెయ్యి చాపి ఫోటో తీశాడు. తెర మీద చక్రం తిరుగుతుంటే మీసం మెలేస్తూ నిలబడ్డాడు. ఆవిడ వంటింటి గుమ్మం దాకా వెనక్కి నడిచింది.

తేనె పూసిన గొంతు అందుకుంది.

"అమ్మా, మళ్ళీ మీరేనా? అదే చెయ్యి, బొటనవేలి కింద అదే మచ్చ. సబ్బునీళ్ళు ముట్టుకోవద్దని పోయిన నెలే చెప్పాను కదా, గిన్నెలు తోమిపెట్టడానికి ఇంట్లో మీవారు లేరా?"